సరస్సు అంచున సుంకపు కోట

అధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడబోయే కోట పేరును ఇంగ్లీషు అక్షరాలు చూసి మనవాళ్ళు చిల్లాన్ అని చదువుతారు. అక్కడివారు మాత్రం షియోన్ అంటారు, అది కూడా చివరి నకారం సగం ముక్కులోనే ఉండిపోయేట్టుగా. నేను షియోన్ అనే అంటాను, నకారం విషయంలో మాత్రం నన్ను మన్నించాలి. స్విట్జర్లాండులో జెనీవా సరస్సు తూర్పు కొసన, మాంత్రో పట్టణానికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, ఒడ్డుకు కొద్ది గజాల ఎడంలో నీళ్ళలోంచి లేచిన ఒక బండ మీద ఈ కోట ఉంది. ఆ సరస్సును అక్కడివారు లెమాన్ అంటారు. మన సినిమా పాటల పుణ్యమా అని స్విట్జర్లాండు మంచు కొండలు మీకందరికీ పరిచయమే, కాబట్టి ప్రకృతి వర్ణనను వదిలేసి నేరుగా రాళ్ళ దగ్గరికి వెళతాను.

ముందుగా రెండు చిత్రాలు చూపిస్తాను. వెనుక వరుసలవారికి తెర కనబడుతోందా? సరే. ఇది మొదటి చిత్రం. బోసిగోడ, దాని మీద ముందుకు పొడుచుకు వచ్చిన మూడు గుండ్రని బురుజులు, గోడలో అక్కడక్కడా కత్తితో గాటు పెట్టినట్లు సన్నని సందులు. ఇది రెండవ చిత్రం. నీళ్ళ మీదికి తెరుచుకున్న వరుస కిటికీలు, వాటికి చెక్కిన రాతి కమానులు, మధ్యలో సన్నని స్తంభాలు, రాజుగారి విడిది గృహం లాగా. రెండూ ఒకే కోట చిత్రాలని చెబితే నమ్మబుద్ధి అవుతుందా? మొదటిది రోడ్డు మీద నిలబడి తీసినది, రెండవది పడవలోంచి తీసినది. ఈ కోటకు రెండు ముఖాలు ఎందుకు వచ్చాయి? దారి వైపు అంత కరుకుగా, నీటి వైపు అంత సరసంగా ఎందుకు ఉంది? నా ప్రసంగమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. జవాబు కూడా ముందే చెప్పేస్తాను, దాచుకోవడం నాకు చేతకాదు. షియోన్ పుట్టుకతో యుద్ధపు కోట కాదు. అది సుంకపు కోట. టోలు గేటు అనండి, తప్పు లేదు.

బండ, దారి

ఆ బండ సున్నపురాయి. పొడవు సుమారు 100 మీటర్లు, వెడల్పు 50 మీటర్లు, కోడిగుడ్డును పక్కకు పడుకోబెట్టినట్లు ఉంటుంది. ఒడ్డుకూ బండకూ మధ్య సన్నని నీటి పాయ ఉంది. మన కోటలకు కందకం తవ్వడానికి వేలమంది కూలీలు ఏళ్ళ తరబడి మట్టి మోశారని చదువుకున్నాము. ఇక్కడ ఆ ఖర్చు లేదు, కందకాన్ని సరస్సే తవ్వి పెట్టింది. మిగిలిన మూడు వైపులా బండ అంచు నిలువుగా లోతైన నీళ్ళలోకి దిగిపోతుంది. నేను నా ఉద్యోగ జీవితమంతా పునాదులు చూసిన మనిషిని. పునాది తవ్వవలసిన పని లేని స్థలం దొరికితే ఇంజనీరు ఎంత సంతోషిస్తాడో మీరు ఊహించుకోండి. అయితే అలాంటి స్థలంలో ఇంకొక చిక్కు ఉంటుంది, నేల చదునుగా ఉండదు. ఆ చిక్కును వాళ్ళు ఎలా విప్పారో నేలమాళిగ దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను, అప్పటివరకు గుర్తు పెట్టుకోండి.

బండ బాగుంది. కానీ బండ బాగున్నంత మాత్రాన ఎవరూ కోట కట్టరు. ఆ సరస్సు తీరంలో రాళ్ళకేమీ కరువు లేదు. మరి ఇక్కడే ఎందుకు కట్టారు? తెర మీద ఈ పటం చూడండి. ఇది సరస్సు, ఇది కొండ. షియోన్ దగ్గర కొండ కాలు దాదాపు నీళ్ళ దాకా చాచుకొని వచ్చింది. కొండకూ నీటికీ మధ్య మిగిలినది ఒక ఇరుకు దారి మాత్రమే. ఆ దారి ఎక్కడికి పోతుంది? దక్షిణంగా రోన్ నది లోయలోకి, అక్కడినుంచి 2,469 మీటర్ల ఎత్తున ఉన్న గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ మీదుగా ఇటలీకి. ఉత్తరంగా జూరా కొండలు దాటి బుర్గుండీకి, షాంపేన్ సంతలకు, ఇంకా పైకి పోతే సముద్రం దాటి ఇంగ్లండుకు. క్రీ.శ. 990 ప్రాంతంలో కాంటర్బరీ ఆర్చిబిషప్పు సిగెరిక్ రోము నుంచి ఇంటికి తిరిగి వెళుతూ తాను మజిలీ చేసిన ఊళ్ళ పేర్లు రాయించుకున్నాడు. ఆ జాబితాలో షియోన్‌కు పక్కనే ఉన్న వెవే ఊరి పేరు ఉంది. అంటే ఆయన ఈ ఇరుకులోంచి నడిచి వెళ్ళిన మనిషే. రోముకు పోయే యాత్రికుడు, ఉన్ని మూటలు తెచ్చే వర్తకుడు, మిరియాలు తెచ్చే వర్తకుడు, దండు నడిపే దొర, ఎవరైనా సరే ఇటు కొండ ఎక్కలేరు, అటు నీళ్ళలో దిగలేరు. ఈ సందులోంచే పోవాలి. సందు పక్కన బండ ఉంది. బండ మీద కూర్చున్నవాడు చేయి చాచి ఊరుకుంటే చాలు, డబ్బు దానంతట అదే వచ్చి పడుతుంది.

రాతపూర్వకంగా ఈ కోట ప్రస్తావన 1150 నాటికి కనబడుతుంది. అప్పటికే అది సవాయ్ ప్రభువుల చేతిలో ఉంది. సవాయ్ వంశం ఆల్ప్స్ పర్వతాలకు రెండు వైపులా రాజ్యం చేసిన వంశం. కనుమకు ఇవతలి కొస, అవతలి కొస రెండూ గుప్పిట్లో పెట్టుకొని, నడుమ నడిచే సరుకు మీద సుంకం వసూలు చేసి పెద్దదైన వంశం. వారిలో మొదటి థామస్ 1214లో షియోన్‌కు కూతవేటు దూరంలో విల్‌నవ్ అనే కొత్త ఊరు కట్టించి, దానికి హక్కుల పత్రం రాసి ఇచ్చాడు. విల్‌నవ్ అంటే అక్షరాలా కొత్త ఊరు అనే అర్థం. మన పల్లెల్లో కొత్తపేటలు, కొత్తపల్లెలు ఉన్నట్లే. ఎందుకు కట్టించాడు? రోన్ లోయ దిగి వచ్చిన సరుకును అక్కడ దించుకోవాలి, పడవలకు ఎక్కించాలి, గిడ్డంగిలో పెట్టాలి, లెక్క రాయాలి, సుంకం కట్టించుకోవాలి. ఊరు లెక్క రాస్తుంది, కోట కాపలా కాస్తుంది. ఆ రెండింటినీ విడదీసి చూస్తే షియోన్ మనకు అర్థం కాదు. చాలామంది యాత్రికులు కోట ఒక్కటే చూసి ఫొటో తీసుకొని వెనుదిరుగుతారు.

ఇక్కడ ఒక్క నిమిషం మన ఊరికి వస్తాను. పదమూడవ శతాబ్దపు నడిమి కాలం. అక్కడ సవాయ్ ప్రభువులు సుంకం వసూలు చేస్తున్న ఆ రోజుల్లోనే ఇక్కడ మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు అభయ శాసనం వేయించాడు. 1244 నాటి శాసనం. తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు, మేము అలా చేయము, ఏర్పరచిన సుంకం మాత్రమే తీసుకుంటాము అని అందులో మాట ఇచ్చాడు. కర్పూరం, చందనం, దంతం, ముత్యాలు, పట్టు, మిరియాలు, ఇలా ఏ సరుకుకు ఎంత సుంకమో ఆ రాతి మీదే ఉంది. అక్కడి దొర, ఇక్కడి రాజు ఒకరి పేరు ఒకరు విని ఉండరు. కానీ ఇద్దరికీ తెలిసిన విషయం ఒకటి ఉంది. వర్తకుణ్ణి భయపెడితే ఒకసారే డబ్బు వస్తుంది, నమ్మిస్తే ఏటా వస్తుంది. గణపతిదేవుడు ఆ నమ్మకాన్ని రాతి మీద చెక్కించాడు. సవాయ్ వాళ్ళు కొంత పత్రాల మీద రాసి ఇచ్చారు, కొంత ఇదిగో, ఈ బురుజుల రూపంలో కట్టి చూపించారు. నీ సరుకుకు ఈ దారిలో నా కాపలా ఉంది అని ఒక మాట, సుంకం ఎగ్గొట్టి పోలేవు అని ఇంకొక మాట. ఒకే గోడ రెండు మాటలూ చెబుతుంది.

కట్టించినవాడు, కట్టినవాళ్ళు

ఈ రోజు మనం చూసే కోటలో ప్రధాన భాగానికి రూపం ఇచ్చినవాడు సవాయ్ రెండవ పీటర్. ఈయన కథ విచిత్రమైన కథ. ఇందాక చెప్పిన మొదటి థామస్ కొడుకుల్లో చిన్నవాళ్ళలో ఒకడు, మొదట రాజ్యం వచ్చే వరుసలో లేడు. ఈయన అక్కచెల్లెళ్ళలో ఒకామె కూతురు ఎలియనోర్‌ను ఇంగ్లండు రాజు మూడవ హెన్రీ పెళ్ళి చేసుకున్నాడు. అంటే పీటర్ ఇంగ్లండు రాణికి మేనమామ. మేనమామ అంటే మనకు వేరే చెప్పాలా? లండనుకు వెళ్ళాడు, పెద్ద పెద్ద ఎస్టేట్లు సంపాదించాడు. 1246లో రాజు ఆయనకు థేమ్స్ నది ఒడ్డున స్థలం ఇచ్చాడు, అక్కడ వెలసిన భవనానికి సవాయ్ ప్యాలెస్ అని పేరు పడింది. లండనులో ఈనాటికీ ఉన్న సవాయ్ హోటలు పేరు ఆ స్థలాన్ని బట్టి వచ్చినదే. ఆ ఇంగ్లీషు డబ్బు, ఈ సుంకపు డబ్బు కలిపి ఆయన లెమాన్ సరస్సు చుట్టూ తన పట్టు పెంచుకున్నాడు. 1263లో ప్రభువు అయ్యాడు, 1268లో చనిపోయాడు. ఏలినది అయిదేళ్ళే అయినా, అంతకు ముందునుంచే ఈ ప్రాంతం ఆయన చేతిలో ఉండేది. షియోన్ పనులు చూసుకోవడానికి పియేర్ మెనియే అనే అధికారిని పెట్టుకున్నాడు. మెనియే పని కట్టడం ఒక్కటే కాదు. కోట కాపలా, లెక్కలు కూడా ఆయనవే.

లెక్కలంటే గుర్తుకు వచ్చింది. సవాయ్ వాళ్ళకు లెక్కల పిచ్చి. కోట అధిపతి ఏటా జమా ఖర్చులు అప్పజెప్పాలి. ఆ లెక్కలను తోలు పత్రాల మీద రాసి, ఒకదాని కొసకు ఒకటి కుట్టి, చుట్ట చుట్టి పెట్టేవారు. విప్పితే మన బట్టల కొట్టులో తాను విప్పినట్లు గజాల కొద్దీ సాగుతుంది. పదమూడవ శతాబ్దం నడిమి నుంచి మొదలైన ఆ చుట్టలు చాలావరకు ఈనాటికీ ఇటలీలో తూరిన్ నగరపు పత్రాలయంలో ఉన్నాయి. మేస్త్రీకి ఎంత ఇచ్చారు, వడ్రంగికి ఎంత ఇచ్చారు, సున్నానికి ఎంత అయింది, ఏ కప్పు కారితే ఎప్పుడు బాగు చేయించారు, అన్నీ అందులో రాసి ఉన్నాయి. మన కోటల విషయంలో ఇలాంటి లెక్కలు దొరికితే నాలాంటివాడు ఆ పది గజాల చుట్ట ముందు కూర్చుని లేవడు. కవులు దొరలను పొగిడారు, గుమాస్తాలు సున్నం బస్తాలు లెక్కపెట్టారు. కోటను అర్థం చేసుకోవడానికి నాకు గుమాస్తాలే ఎక్కువ సాయపడ్డారు.

ఇప్పుడు దారి వైపు గోడ చూద్దాం. మూడు బురుజులూ ముందుకు పొడుచుకు వచ్చి ఉన్నాయి కదా, ఎందుకు? తిన్నని గోడ మీద నిలబడినవాడికి గోడ కాలి దగ్గర ఏముందో కనబడదు. వంగి చూస్తే వాడి తల కిందివాడి బాణానికి దొరుకుతుంది. బురుజు ముందుకు వస్తే, అందులో నిలబడినవాడు గోడ పొడవునా పక్క నుంచి కొట్టగలడు. ఒక బురుజు కాపాడలేని మూలను పక్క బురుజు కాపాడుతుంది. గుండ్రంగా ఎందుకు కట్టారు? మూల ఉంటే మూలరాయిని పెకలించవచ్చు, గుండ్రని గోడకు పట్టు దొరకదు. ఇక ఆ సన్నని సందుల సంగతి. నేను ఒక సందు దగ్గర లోపలి వైపు నిలబడి చూశాను. లోపల మనిషి రెండు భుజాలూ పట్టి, విల్లు తిప్పుకునేంత వెడల్పు ఉంది. గోడ మందంలో అది గరాటులాగా ఇరుకై ఇరుకై, బయటికి వచ్చేసరికి నా అరచేయి నిలువుగా పెడితే మూసుకుపోయేంత అయింది. లోపలినుంచి చూస్తే దారి చక్కగా కనబడుతుంది. బయట దారి మీద నిలబడి చూస్తే సందు ఒక నల్లని గీత. ఆ దారిన గాడిద మీద మూటలు వేసుకొని పోయే వర్తకుడికి, ఆ గీత వెనుక ఎవరైనా ఉన్నారా లేరా అనేది తెలియదు. తెలియకపోవడమే అక్కడ కాపలా. సగం సందుల వెనుక ఎవరూ లేకపోయినా పని జరిగిపోతుంది.

పాయ మీద ఇప్పుడు ఉన్నది కదలని వంతెన, పద్దెనిమిదవ శతాబ్దంలో వేసినది. అంతకు ముందు ఎత్తుడు వంతెన ఉండేది. లోపలికి పోతే ఒకదాని వెనుక ఒకటిగా నాలుగు ముంగిళ్ళు వస్తాయి. మొదటి ముంగిట్లో గుర్రపు శాలలు, సిపాయిల వసతులు. రెండవది కోట అధిపతిది. మూడవది ప్రభువుది. నాలుగవది దారి వైపు ప్రాకారాన్ని ఆనుకొని ఉన్నది. కోట నడుమ ఒంటరిగా నిలబడిన పాత గోపురం ఒకటి ఉంది, ఇది మిగిలినవాటికంటే పాతది. అన్నీ పోయినా చివరికి దానిలోకి చేరి తలుపు వేసుకోవచ్చు. ఈ కోట ఒకేసారి గీసిన పటం ప్రకారం కట్టినది కాదు. విడివిడిగా కట్టిన భవనాలు కాలక్రమాన ఒకదానికొకటి అతుక్కున్నాయి. కుటుంబం పెరిగేకొద్దీ వసారా పక్కన గది, గది పక్కన ఇంకొక వసారా వేసుకుంటూ పోయిన మన పాతకాలపు ఇళ్ళు ఉంటాయి చూడండి, ఆ తీరు. అందుకే లోపల తిరిగేవాడికి మెట్లు ఎక్కడం దిగడం తప్ప దిక్కు తెలియదు. నాకు కూడా తెలియలేదు, రెండుసార్లు ఒకే గదికి తిరిగి వచ్చాను.

నీటి వైపు

ఇప్పుడు రెండవ ముఖం. దారి వైపు గోడ వెనుక ముంగిళ్ళు, ముంగిళ్ళ వెనుక నీటి అంచున పెద్ద మందిరాలు ఉన్నాయి. సొగసు అంతా ఇక్కడే పెట్టారు. ఎందుకు పెట్టగలిగారు? అటునుంచి శత్రువు రాడు కాబట్టి. నిచ్చెన వేయడానికి నేల లేదు, బండ నిలువుగా నీళ్ళలోకి దిగిపోయింది. కాబట్టి కిటికీ పెద్దది పెట్టవచ్చు. ప్రభువు మహామందిరంలో సరస్సు మీదికి తెరిచిన కిటికీలు, కిటికీ గూటిలో ఎదురెదురుగా రాతి అరుగులు ఉన్నాయి. ఆ అరుగు మీద కూర్చుంటే కింద నీళ్ళు, ఎదురుగా మంచు కొండలు. మందిరపు కప్పును నల్లరాతి స్తంభాలు మోస్తున్నాయి. దారి పక్క గదుల్లో లేని వెలుతురంతా ఇక్కడ ఉంది.

ఈ కిటికీల గురించి ఒక ముచ్చట ఉంది. సవాయ్ ప్రభువుల దగ్గర పని చేసిన మేస్త్రీలలో సెయింట్ జార్జ్ జేమ్స్ అని ఒకడు ఉన్నాడు. మూడవ హెన్రీ, ఎలియనోర్‌ల కొడుకు మొదటి ఎడ్వర్డ్ ఇంగ్లండు రాజు అయ్యాక, వేల్స్ దేశాన్ని అణచడానికి కోటల వరుస కట్టదలచి, ఈ జేమ్స్‌ను పిలిపించుకున్నాడు. 1278 నుంచి ఆయన అక్కడి లెక్కల్లో కనబడతాడు. కాన్వే, కార్నార్వన్, హార్లెక్, బ్యూమారిస్ కోటలు, ఈ నాలుగూ 1986లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. వీటి నిర్మాణంలో ఆయనదే పెద్ద చేయి. ఆర్నాల్డ్ టేలర్ అనే ఆంగ్ల చరిత్రకారుడు సవాయ్ కోటలకూ వేల్స్ కోటలకూ మధ్య పోలికలు వెతుక్కుంటూ పోయి, హార్లెక్ ద్వారభవనపు కిటికీలు షియోన్ కిటికీలను పోలి ఉన్నాయని చూపించాడు. మేనమామ గారి వంక వచ్చిన చుట్టరికం చివరికి మేస్త్రీ సంచిలో కూర్చుని సముద్రం దాటింది. కోటల చరిత్ర రాసేవారు రాజుల పేర్లు వరుసగా రాస్తారు. మేస్త్రీ పేరు మిగలడం అరుదు. ఇక్కడ మిగిలింది. ఎందుకు మిగిలింది? కూలి లెక్కల వల్ల. నేను ఇందాక అన్నది అదే.

ప్రభువు పడకగదిలో పద్నాలుగవ శతాబ్దపు కుడ్యచిత్రాలు ఉన్నాయి. చెట్లు, జంతువులు, నిజమైనవి కొన్ని, కల్పితమైనవి కొన్ని. రంగు చాలావరకు వెలిసిపోయింది, కొంచెం ఓపిక పట్టి చూస్తే ఒకటొకటిగా బయటికి వస్తాయి. ఆ గది నుంచి ఇంటి ప్రార్థనా మందిరానికి లోపలి దారి ఉంది. అది సెయింట్ జార్జ్ పేరిట ఉన్న చిన్న మందిరం, దాని గోడల నిండా చిత్రాలే. ఇంత అలంకరించుకొని ప్రభువు ఏడాదికి ఎన్ని రోజులు ఇక్కడ ఉండేవాడు? కొద్ది రోజులే. ఆ కాలపు ప్రభువులు ఒక కోట నుంచి ఇంకొక కోటకు తిరుగుతూ ఉండేవారు. మంచాలు, పెట్టెలు, గోడలకు వేలాడదీసే తివాచీలు వాళ్ళ వెంటే బండ్ల మీద వెళ్ళేవి. ఫ్రెంచి భాషలో గృహోపకరణాలకు వాడే మాటకు అసలు అర్థం కదిలేది అని. ఏడాది పొడవునా ఇక్కడ ఉండేది కోట అధిపతి, సిపాయిలు, వంటవాళ్ళు, గుమాస్తాలు. సుంకానికి సెలవు రోజు ఉండదు కదా.

నవ్వకండి, మరుగుదొడ్ల సంగతి కూడా చెప్పాలి. నాకు అవి చూపించాలనే ఉంది. సరస్సు వైపు గోడ అంచున సన్నని గది, అందులో చెక్క బల్ల, బల్లకు రంధ్రం, రంధ్రం కింద గొట్టంలాగా నిలువు బావి, దాని కింద సరస్సు. మీద వంగి చూస్తే నీళ్ళ చప్పుడు పైకి వస్తుంది. చలికాలంలో అక్కడ కూర్చున్న దొరగారికి కిందినుంచి ఎలాంటి గాలి తగిలి ఉంటుందో మీ ఊహకే వదిలేస్తున్నాను.

నేలమాళిగ

ఇప్పుడు ఇందాక గుర్తు పెట్టుకోమన్న చిక్కు దగ్గరికి వచ్చాము. బండ చదునుగా లేదు, నీటి వైపు వాలుగా ఉంది. దాని మీద పెద్ద మందిరాలు కట్టాలంటే ముందు నేలను సమం చేయాలి. మట్టి పోసి సమం చేస్తే నీళ్ళు కోసుకుపోతాయి. వాళ్ళు ఏం చేశారు? పదమూడవ శతాబ్దంలో బండ మీద ఒక స్తంభాల వరుస నిలబెట్టారు. స్తంభం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి గోడకు రాతి పక్కటెముకల కమానులు వేశారు. ఆ కమానుల మీద సమమైన అంతస్తు లేచింది, అంతస్తు మీద మందిరాలు. అంటే ఈ నేలమాళిగ మొదట ఒక పునాది. ఆ తరువాత గిడ్డంగి, ఆయుధశాల. బందీఖానా కావడం దాని అసలు ఉద్దేశం కాదు. లోపల ఒక పక్క గోడ గోడ కాదు, చెక్కకుండా వదిలేసిన బండే. కాలి కింద కూడా బండే, ఎగుడుదిగుడుగా ఉంటుంది. చేయి పెడితే చల్లగా, కొంచెం తడిగా తగిలింది. మధ్యాహ్నం వేళ సన్నని సందుల్లోంచి వచ్చే వెలుగు నేరుగా ఎండ కాదు, సరస్సు మీద పడి లేచిన ఎండ. అది కమానుల కడుపు మీద కదులుతూ ఉంటుంది. గుడి మండపం అంత అందమైన గది అది. అందులో మనుషులను కట్టేశారు.

కట్టేయడం సంగతి దాటేయకూడదు. 1348లో ప్లేగు మహామారి ఐరోపాను తుడిచిపెడుతున్నప్పుడు, యూదులు బావుల్లో విషం కలిపారని పుకారు పుట్టింది. సవాయ్ ప్రభువు రాజ్యంలోని యూదులను పట్టుకొని షియోన్‌లో చిత్రహింసలు పెట్టి, చేయని నేరం ఒప్పుకున్నట్లు వాంగ్మూలాలు రాయించారు. ఆ వాంగ్మూలాల నకళ్ళను కోట అధిపతి స్ట్రాస్‌బర్గ్ నగరానికి పంపించాడు. 1349 ఫిబ్రవరిలో అక్కడి యూదులను సామూహికంగా తగులబెట్టారు. మేస్త్రీ కూలిని అంత శ్రద్ధగా రాసుకున్న ఆ రాతకోతల అలవాటే ఈ పని కూడా చేసింది. ఇందాక గుమాస్తాలను నేను మెచ్చుకున్నాను. ఈ పత్రాలు రాసింది కూడా గుమాస్తాలే.

ప్రపంచానికి షియోన్ పేరు తెలిసింది మాత్రం వేరొక ఖైదీ వల్ల. జెనీవాలో ఒక మఠానికి అధిపతి ఫ్రాన్స్వా బొనివార్. సవాయ్ ప్రభువుకు వ్యతిరేకంగా జెనీవా పక్షం వహించాడని 1530లో పట్టుకొని ఇక్కడ పెట్టారు. మొదట రెండేళ్ళు పై గదుల్లో కొంత మర్యాదగానే ఉంచారు. తరువాత నాలుగేళ్ళు నేలమాళిగలో స్తంభానికి గొలుసుతో కట్టేశారు. 1536 మార్చి నెలాఖరున, స్విస్ నగర రాజ్యమైన బెర్న్ సైన్యం దారి వెంబడి, జెనీవా పడవలు నీటి వెంబడి వచ్చి కోటను పట్టుకున్నాయి. నీటి వైపు నుంచి శత్రువు రాడని అన్నాను కదా, మూడు వందల ఏళ్ళ తరువాత వచ్చాడు. కాపలావాళ్ళు పెద్దగా పోరాడకుండానే పడవ ఎక్కి జారుకున్నారు. బొనివార్ విడుదలై, జెనీవా చరిత్ర రాసి, 1570 దాకా బతికాడు.

1816 జూన్‌లో ఆంగ్ల కవులు బైరన్, షెల్లీ పడవలో సరస్సు చుట్టి వస్తూ ఈ నేలమాళిగ చూశారు. ముందు సంవత్సరం ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద వల్ల ఐరోపాకు ఆ ఏడాది వేసవే రాలేదు. వాన వదలక బైరన్ తీరంలో చిక్కుపడి, అక్కడే షియోన్ ఖైదీ మీద పద్యకావ్యం రాశాడు. కావ్యంలో ఖైదీకి తమ్ముళ్ళు ఉన్నారు, వాళ్ళు అతని కళ్ళముందే చనిపోతారు. అదంతా కల్పన. రాసేటప్పుడు బొనివార్ చరిత్ర తనకు సరిగా తెలియదని బైరన్ తానే తరువాత ఒప్పుకున్నాడు. కోట గోడ కింద వెయ్యి అడుగుల లోతు అని కూడా రాశాడు. సరస్సు లోతు గరిష్ఠంగా 310 మీటర్లు, అంటే వెయ్యి అడుగుల పైచిలుకే, అయితే అది ఇక్కడ కాదు, లొసాన్, ఎవియాన్ ఊళ్ళ మధ్య నడి సరస్సులో. కవికి ఆ మాత్రం స్వేచ్ఛ ఇద్దాం. మూడవ స్తంభం మీద బైరన్ పేరు చెక్కి ఉంది, దానికి అద్దం బిగించారు. బొనివార్ గొలుసుతో తిరిగి తిరిగి అడుగుల గుర్తులు పడ్డాయని బండ మీద ఒక చోటు చూపించడం కూడా పాత ఆనవాయితీ. మన గుడి గడపలు అరగడానికి ఎన్ని తరాల పాదాలు కావలసి వచ్చాయో మీకు తెలుసు. ఒక్క మనిషి నాలుగేళ్ళలో సున్నపురాయిని అరగదీశాడంటే నేను నమ్మను. తరువాత వచ్చిన లక్షల యాత్రికుల చెప్పులు అరగదీశాయంటే నమ్ముతాను.

బెర్న్ వాళ్ళ పాలన గురించి ఎక్కువ చెప్పను. వాళ్ళు కోటను వాడుకున్నారు, బాణపు సందులను తుపాకులకు అనువుగా మార్చారు, తమ అధికారుల వంశ చిహ్నాలు ఒక మందిరం గోడల నిండా వేయించుకున్నారు. 1733లో అధికారి నివాసం వెవే ఊరికి మారింది. 1798లో ఆ ప్రాంత ప్రజలు బెర్న్ పెత్తనాన్ని తీసివేశారు. 1803 నుంచి కోట వో రాష్ట్రపు ఆస్తి. పంతొమ్మిదవ శతాబ్దంలో మళ్ళీ జైలుగా, ఆయుధశాలగా వాడారు. 1887లో పునరుద్ధరణ కోసం సంఘం ఏర్పడింది. 1897 నుంచి ఆల్బర్ట్ నేఫ్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు 1936లో చనిపోయేదాకా ఆ పని చూశాడు. ఆయన పద్ధతి నాకు ఇష్టం. కొత్త రాయి పెట్టడానికి ముందు పాత రాయిని కొలిచాడు, గీశాడు, ఫొటో తీయించాడు. ఆ కాలంలో ఐరోపాలో చాలా కోటలను తమ ఊహకు తోచినట్లు కొత్త గోపురాలు, కోటకొమ్మలు పెట్టి తీర్చిదిద్దారు. షియోన్‌కు ఆ గతి పట్టకపోవడానికి నేఫ్ ఓపిక ఒక పెద్ద కారణం.

చివరి చిత్రం. ఇది కొండ మీదినుంచి తీసినది. కింద కోట, కోట పక్కన పాత దారి, దారిని ఆనుకొని రైలు పట్టాలు, రైలుకు ఎదురుగా కొండ కడుపులో రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో తవ్విన ఫిరంగుల స్థావరం. వీటన్నిటి నెత్తి మీద కొండ వాలును పట్టుకొని సాగే రహదారి వంతెన చూడండి, 1969లో పూర్తయింది, పొడవు రెండు కిలోమీటర్లకు పైనే. అన్నీ ఆ ఇరుకు సందులోనే దూరాయి, వేరే దారి లేదు కాబట్టి. ఆ వంతెన మీద పోయే చాలా కార్ల అద్దాలకు ఒక స్టిక్కరు అంటించి ఉంటుంది. స్విట్జర్లాండు రహదారుల మీద తిరగడానికి ఏడాదికి 40 ఫ్రాంకులు కట్టి కొనాలి, ఇప్పుడు కంప్యూటరులో కూడా కట్టవచ్చు. నేను వెళ్ళిన టాక్సీకి కూడా అంటించి ఉంది. అదేమిటని డ్రైవరును అడిగితే, రోడ్డు పన్ను అని చెప్పి, కింద కనబడుతున్న కోట వైపు తిరిగి కూడా చూడకుండా గేరు మార్చాడు.